ఎర్ర దారం పుస్తకం

ఏ ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి ఆయన ఎవరి కిటికీలోకీ తొంగిచూడనక్కర్లేదు. తన ఇనుప సామాన్ల కొట్లో కూర్చుంటే చాలు. ఉన్న తాళం ఉండగా రెండో తాళం కొన్నారంటే అన్నదమ్ములు వేరుపడ్డారని లెక్క. గొళ్ళెం పైకి జరపాలి, పొడుగు స్క్రూలు ఇవ్వమన్నారంటే పసివాడికి నడక వచ్చిందని. గోడకి కొట్టే పెద్ద మేకు ఒకే ఒక్కటి అడిగారంటే, ఫొటోకి దండ వెయ్యాల్సిన రోజు వచ్చిందని. ఆ ఒక్క మేకునీ ఆయన తూకం వెయ్యడు. ఏమీ మాట్లాడకుండా చేతిలో పెడతాడు.

ఊరి చరిత్ర అని మున్సిపాలిటీ వాళ్లు వేసిన పుస్తకం ఒకటుంది. వీధి దీపాలు ఏ సంవత్సరం వచ్చాయో, ఎవరు వెలిగించారో అందులో ఉంది. ఆ దీపాల కింద ఎవరు ఎవరి కోసం నిలబడ్డారో లేదు. సరుకులో ఇంత లోటు ఉంటే దాన్ని పూడ్చడం వ్యాపారస్తుడి పనే అనుకుని ఆయన నవలలు రాయడం మొదలుపెట్టాడు. ఇప్పటికి మూడు అచ్చయ్యాయి. నాలుగోది ఈ వీధి మీదే రాస్తున్నాడు.

అరవై మూడేళ్లొచ్చి, తల నెరిసి, మోకాళ్లు మొరాయిస్తున్న ఆ మనిషిని వీధి వీధంతా 'అల్లుడుగారూ' అనే పిలిచేది. ఆయన ఈ వీధిలో పుట్టినవాడు కాదు. ఈ వీధి పిల్లని చేసుకుని, అత్తగారి కొట్లోనే ఇనుప సామాన్లు పెట్టినవాడు. ముప్పై ఆరేళ్లు గడిచినా వీధి లెక్కలో ఆయన ఇంకా మొన్నొచ్చిన చుట్టమే.

ఆ కొట్టు అంతకు ముందు అద్దె పుస్తకాల కొట్టు. నడిపింది అత్తగారు. అందరూ ఆవిడని పుస్తకాలమ్మ అనేవారు. మూడు వందల పుస్తకాలు, అన్నిటికీ ఒకే రకం గోధుమరంగు అట్టలు. ఎవరేది అడిగినా వెతకకుండా తీసిచ్చేది. "ఇది వద్దమ్మా, నీకు నచ్చదు, రెండో సగం అంతా ఏడుపే" అని సలహా కూడా ఇచ్చేది. టీవీలొచ్చాక ఆ వ్యాపారం మూతపడింది. ఇరవై రెండేళ్ల కిందట ఆవిడా పోయింది.

తొమ్మిది నెలల కిందట ఒక మధ్యాహ్నం, బట్టలు మడతపెడుతూ, అల్లుడుగారి భార్య ఉన్నట్టుండి అంది: "మా అమ్మకి చదువు రాదు."

ఆయన చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. పద్నాలుగేళ్లు ఆ అత్తగారితో ఒకే కప్పు కింద ఉన్నాడు. తన మొదటి నవల తెచ్చి ఆవిడ చేతిలో పెడితే, రెండు రోజులు ఒళ్లో పెట్టుకుని తిరిగి, "చివర బాగా కుదిరిందయ్యా" అన్నది. మనుషుల్ని చదవడం తన వృత్తి అనుకునేవాడు. ఎదురుగా కూర్చున్న మనిషిని కనిపెట్టలేకపోయాడు.

మిగతాదీ చెప్పింది భార్య. పుస్తకాల వీపులకి అమ్మ రంగు దారాలు కట్టుకునేది. కొత్తవి వస్తే కూతురు పేర్లు చదివేది, అమ్మ దారం కట్టి గుర్తు పెట్టుకునేది. కథేంటో మాత్రం చదివినవాళ్ల దగ్గరే తెలుసుకునేది. తిరిగిచ్చేటప్పుడు "చివరికేమైంది?" అని అడిగి, వాళ్లు చెప్పింది పొల్లు పోకుండా తలలో దాచుకునేది.

కూతురికి పదకొండేళ్లప్పుడు, తోటి పిల్లలంతా ఊరి బయటికి ఆడుకోవడానికి వెళ్తుంటే, పుస్తకాల కట్ట వచ్చిందని అమ్మ వెళ్లనివ్వలేదు. ఆ కోపంలో ఆ పిల్ల రెండు పేర్లు తారుమారు చేసి చదివింది. ఊరంతా ఎదురుచూస్తున్న కొత్త నవల ఇదేనంటూ కోళ్ల పెంపకం పుస్తకం చూపించింది. అమ్మ దానికి ఎర్ర దారం కట్టింది. సాయంత్రం నలుగురూ ఉండగా వీధిలోని బడి మాష్టారొచ్చి నవల అడిగితే, "మీకోసమే ఎత్తిపెట్టా" అని గర్వంగా ఆ పుస్తకం తీసిచ్చింది. మాష్టారు అట్ట తిప్పి చూశాడు. పిల్ల వైపు ఒకసారి చూశాడు. మారు మాట్లాడకుండా తీసుకుని వెళ్లిపోయాడు.

"ఆ రోజు నుంచి నేను కొట్లోకి వెళ్లలేదు. అమ్మ వాళ్లకీ వీళ్లకీ అదే పుస్తకం ఇస్తూనే ఉంది. తీసుకున్నవాళ్లు బయటికెళ్లి ఎంత నవ్వుకుని ఉంటారో. అమ్మకి చెప్పే ధైర్యం నాకు రాలేదు. తెలియకుండానే పోయింది" అంది ఆవిడ.

ఆయనకి అప్పుడు ఒక పాత లెక్క తేలింది. వీధిలో ఎవరి గుమ్మంలోనూ ఆవిడ కూర్చోదు. పలకరిస్తే పలుకుతుంది, కానీ నిలబడే పలుకుతుంది. కొందరు పొగరనుకున్నారు. ఆయన బిడియమనుకున్నాడు. రెండూ కాదు. ఈ వీధంతా తన తల్లిని చూసి నవ్విందని ఆవిడ యాభై ఏళ్లుగా అనుకుంటోంది. ఆ నవ్వుకి కారణం తనేనని కూడా.

ఇది నవలలో రాసుకోనా అని ఆయన అడిగాడు. "రాసుకోండి. కానీ ముందు నేను చదవాలి. నేను సరేననేదాకా ఆ కాగితం ఈ గుమ్మం దాటకూడదు" అంది. ఆయన ఒప్పుకున్నాడు.

నోటిమాట మీద నడిచిన బేరాలు ఆయన జీవితంలో వందలున్నాయి. ఒక్కటీ తప్పలేదు. తప్పింది ఇదొక్కటే.

తప్పడానికి కారణం ఆయన రాసే పద్ధతి. తెల్లకాగితం ముందు పెడితే ఆయనకి చెయ్యి ఆడదు, పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టుంటుంది. అందుకని మేకులు పొట్లం కట్టే మందపాటి కాగితం మీద, నున్నటి వైపు రాస్తాడు. ఒక బేరానికీ ఇంకో బేరానికీ మధ్య రెండు వాక్యాలు పడితే గొప్ప. రాసినవి బల్లకి ఎడమ పక్కన, ఎవరి కంటా పడకుండా బోర్లించి పెడతాడు. రాయనివి కుడి పక్కన ఉంటాయి. భార్య తర్వాత వాటిని శుభ్రంగా తిరగరాస్తుంది.

చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అని ఆవిడ వారం రోజులు వెళ్లింది. ఆ వారంలోనే ఆయన అత్తగారి అధ్యాయం పూర్తి చేశాడు. ఐదు కాగితాలయ్యాయి. మర్నాడు పొద్దున తక్కెడ బాగుచేసే మనిషి తక్కెడ తెచ్చి, ఎక్కడ పెట్టాలో అడక్కుండా ఎడమ పక్కన దించబోయాడు. అల్లుడుగారు ఐదు కాగితాలూ గబుక్కున తీసి, ఒక్క నిమిషానికేలే అని, కుడి పక్క దొంతర మీద పెట్టాడు. ఆ నిమిషంలోనే బేరం వచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి. ముప్పై ఆరేళ్లుగా కుడి పక్క నుంచి కాగితం లాగి పొట్లం చుట్టిన చెయ్యి ఎవర్నీ అడక్కుండా తన పని తను చేసుకుపోయింది.

సాయంత్రం చివరి పేజీ ఒకసారి చూసుకుందామని తీస్తే, కింద నుంచి పైదాకా అన్నీ ఖాళీ కాగితాలు.

భార్య రేపు సాయంత్రం బస్సుకి వస్తుంది. అయితే వ్యాపారస్తుడు కాబట్టి ఏడుపు తర్వాత, లెక్క ముందు. తను రాసిన వాక్యం మర్చిపోతాడేమో కానీ ఎవరికి ఏ సైజు మేకు ఇచ్చాడో మర్చిపోడు. పొద్దున మొదటి బేరం మాష్టారిది. ఊగే కుర్చీకని నాలుగు స్క్రూలు. "నాలుగింటికి ఇంత కాగితమా?" అని ఆయన అడిగితే, "మీ గౌరవం మాష్టారూ" అని తనే జోకు కూడా వేశాడు. తర్వాత వడ్రంగి రెండుసార్లు వచ్చాడు. ఆ రెంటికీ మధ్య కర్టెన్ కొక్కేలకని కుట్టుపని ఆవిడ. చివరికి వాషర్లకి కుళాయిలవాడు. ఐదూ సరిపోయాయి.

దొంతరలో పైనున్నది ఐదో కాగితం. ఎర్ర దారం పుస్తకం సంగతి రాసింది అందులోనే. అది మాష్టారి దగ్గరే ఉంది.

అందుకని మర్నాడు పొద్దున్నే, దగ్గరి దారి వదిలేసి, తేలికైన ఇళ్ల నుంచి మొదలుపెట్టాడు.

కుళాయిలవాడు ఈ వీధికి కొత్త. "ఆ కాగితమా సార్? ఏదో రాసుందనుకుంటా. చూళ్లేదు. చేతులు తుడుచుకున్నా, బాగా పీల్చింది" అని జిడ్డు ఉండ ఒకటి తీసిచ్చాడు. తన రచనకి ఇంత ఉపయోగం ఉందని ఇంతవరకూ ఏ విమర్శకుడూ ఆయనకి చెప్పలేదు. దాన్నే విప్పి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

వడ్రంగి ఆయన్ని వరసపెట్టి బావా అంటాడు. భార్యతో కలిసి పెరిగినవాడు.

"రా బావా, రా. ఈసారి నీ మేకులు బాగా చదువుకుని వచ్చాయే."

"చదివావా?"

"కళ్ల ముందు పడితే చదవనా? రెండు పొట్లాలూ చదివా. మధ్యలో ముక్క లేదు, కథ తెగింది. మూడోసారి మేకులు కొందామా అనుకున్నా, ఇంట్లో తిడుతుందని ఊరుకున్నా."

"బావా, నీకు దణ్ణం పెడతా. ఇందులో సంగతి ఎవరికీ చెప్పకు. మీ చెల్లెమ్మకి తెలిస్తే నా కాపురం..."

"ఏ సంగతి?"

అల్లుడుగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అదే. అత్తగారికి చదువు రాదని."

వడ్రంగి చిత్రిక కింద పెట్టాడు. "ఓరి నీ అసాధ్యం కూలా! అదా గుట్టు? ఈ వీధిలో పుట్టిన కుక్కపిల్లకి కూడా తెలుసు."

"మరి ముప్పై ఆరేళ్లలో నాకొక్కసారైనా చెప్పలేదేం?"

"అల్లుడికి అత్తగారి గుట్టు చెప్తామటయ్యా? మాకూ మర్యాద ఉంది."

వడ్రంగి కాగితాలు తెచ్చాడు. వాటి అంచుల్లో చెక్క మీద గీతలు గీసే పెన్సిల్‌తో ఏవో గుర్తులున్నాయి. "ఇదిగో ఇక్కడ, వాసన చూసి పుస్తకం పోల్చేదని రాశావు. వాసనేంటి బావా, పుస్తకమా, ఊరగాయా? ఆ ముక్క కొట్టెయ్. ఇంకోటి, కోళ్ళామె సంగతి అసలు రాయనే లేదు. అది లేకుండా పుస్తకాలమ్మ కథేంటి?"

"కోళ్ళామె ఎవరు?"

"అది కూడా తెలీదా?" వడ్రంగి ఈసారి నిజంగానే జాలిపడ్డాడు. "ఆవిడ ఇంటికి తలుపు పెట్టింది నేనే. తుపానొచ్చి ఇల్లు ఎగిరిపోయిందని ఎవరో చెప్తే పుస్తకాలమ్మ రెండు రోజులు దిగులుపడింది. నేను వెళ్లి, ఎగరలేదు, మంచి టేకు తలుపు పెట్టాను, నిలబడింది అని చెప్పా. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు."

"ఏ వీధిలో ఇల్లు?"

"మాష్టార్నడుగు" అని వడ్రంగి మళ్లీ చిత్రిక అందుకున్నాడు.

కుట్టుపని ఆవిడ భార్యకి చిన్నప్పటి స్నేహితురాలు. నోట్లో నువ్వుగింజ నానదని వీధిలో పేరు. అక్కడికి వెళ్తూ అల్లుడుగారు, ఈపాటికి టముకు వేసే ఉంటుంది అని మనసు రాయి చేసుకున్నాడు. ఆవిడ మిషన్ ఆపకుండానే సొరుగులోంచి కాగితం తీసిచ్చింది. ఇస్త్రీ చేసి పెట్టింది.

"మడతలు పడ్డాయని ఇస్త్రీ పెట్టె రుద్దాను అన్నయ్యా. అక్షరాలు చెరగలేదు, చూసుకోండి."

"ఎవరికైనా..."

"ఎవరికి చెప్పాలి, ఎవరికి తెలీదని?" దారం పంటితో తెంపి ఆవిడ తలెత్తింది. "నా నోరు పెద్దదే, కాదనను. కానీ ఆ తల్లి గురించి ఈ నోరు ఎప్పుడూ పొరపాటు చెయ్యలేదు. కోళ్ళామె కూతురికి కుట్టు మిషన్ ఇప్పించింది నేనే, తెలుసా? అప్పుడే నేర్చుకుంటున్నా. ఆ పిల్లకీ ఓ దారి ఉండాలి కదా అనుకున్నా. పుస్తకాలమ్మ ఎంత సంతోషపడిందో! వదినకి చెప్దామనుకుంటా ఎన్నోసార్లు. ఆవిడ నిలబడి మాట్లాడి నిలబడే వెళ్లిపోతుంది. అలాంటి మాట నిలబడి చెప్పేది కాదు."

బయటికొచ్చేసరికి ఆయన బుర్ర తక్కెడలాగే ఊగుతోంది. ఒకడు తలుపు పెట్టాడు, ఒకామె మిషన్ ఇప్పించింది. ఇల్లు మాత్రం ఎక్కడా లేదు. ఇన్నేళ్లు కూర్చుని వీళ్లు కొన్న తాళాలూ గొళ్ళేలూ లెక్కపెట్టి వీధిని చదివానని అనుకున్నాడు. అమ్మిన సరుకు మాత్రమే తన లెక్కలోకి వచ్చింది. తన కొట్లో కొనకుండా వీళ్లు చేసుకున్న పని ఏదో ఉంది.

మాష్టారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్లు, గొంతు మాత్రం ఇంకా తరగతి గదికి సరిపోతుంది.

"కూర్చో అల్లుడూ. ఈ కుర్చీ ఇప్పుడు ఊగదు. దీని కోసమేనా వచ్చావు?"

ఒళ్లో ఐదో కాగితం ఉంది. ఎర్ర పెన్నుతో రెండుచోట్ల దిద్ది ఉంది. "ఏమనుకోకు, అలవాటు చావలేదు" అన్నాడు మాష్టారు. తర్వాత కళ్లద్దాలు తీశాడు. "ఆ పిల్ల యాభై ఏళ్లుగా ఇది మోస్తోందా?"

"అవును మాష్టారూ. వీధంతా వాళ్లమ్మని చూసి నవ్విందని."

"ఒకడు నవ్వాడు, అది నిజం. నేనే. ఇంటికెళ్లి, తలుపేసుకుని. కవి హృదయంతో పుస్తకం విప్పితే మొదటి వాక్యం గుడ్లు పొదిగే ఉష్ణోగ్రత గురించి. నవ్వక చస్తానా? తర్వాత ఆ పిల్ల మొహం గుర్తొచ్చింది. నవ్వు పోయింది. పుస్తకం మొత్తం చదివాను. ఇప్పటికీ కోళ్లకొచ్చే తెగుళ్లు వరసగా చెప్పగలను."

మూడు రోజులకి పుస్తకం తిరిగివ్వడానికి వెళ్తే, పుస్తకాలమ్మ ఎప్పటిలాగే చివరికేమైందని అడిగింది. ఆయన దారిలో అల్లుకున్నది చెప్పాడు: ఒక ఆడమనిషి, మొగుడు పోయి, కోళ్లు పెంచుకుంటూ కూతుర్ని సాకుతుంది. ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నది. విని, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని అంది: "మాష్టారూ, ఆ పుస్తకం నిండా కోడి బొమ్మలున్నాయి. నాకు అక్షరాలు రావు కానీ, కోడిని పోల్చుకోలేనంత గుడ్డిదాన్నా?"

అల్లుడుగారు కుర్చీలో ముందుకి జరిగాడు. "ఆవిడకి తెలుసా?"

"ఇచ్చిన సాయంత్రమే తెలిసిందట. మీరు అట్ట తిప్పి చూసినప్పుడు మీ మొహంలో ఏదో కనపడింది, మీరు వెళ్లాక, పిల్ల కోళ్ల పుస్తకమని చెప్పిన రెండోది తెరిచాను, అందులో ఒక్క కోడి బొమ్మా లేదు అంది. మీరు తిరిగి తెచ్చాక ఇది తెరిచాను, అంతా కోళ్లే అంది. అయితే దారం మార్చెయ్యండి అన్నాను. మార్చను అంది."

"ఎందుకు?"

"ఆవిడ మాటే చెప్తాను. 'మారిస్తే నాకు తెలిసిపోయిందని పిల్లకి తెలుస్తుంది. మూడు రోజుల నుంచి అది అన్నం సరిగా తినడం లేదు. దానంతట అదే వచ్చి చెప్తే సరే, లేకపోతే ఆ దారం అలాగే ఉంటుంది. నలుగురూ నవ్వితే నన్ను నవ్వుతారు. పెద్దదాన్ని, నేను తట్టుకుంటాను.' అంతే. పిల్లకి చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది."

"అందుకని మీరు..."

"అందుకని నేను ఒక్కొక్కడినీ పట్టుకుని చెప్పాను. ఎర్ర దారం పుస్తకం ఇస్తే తీసుకో, నోరెత్తకు. తిరిగిచ్చేటప్పుడు కథ అడుగుతుంది, కోళ్ళామె కథ ఎక్కడిదాకా వచ్చిందో నన్నడిగి తెలుసుకుని, నీ ముక్క నువ్వు చెప్పు. పదేళ్లు నడిచింది ఆ కథ. ఒక్కొక్కడికి ఒక్కొక్క పిచ్చి. పోస్టుమాన్ కోళ్ళామెకి ఉత్తరాలు రాయించాడు. కోళ్లఫారం పెట్టాలనుకున్న ఒకాయన వచ్చి కోళ్ల పుస్తకం అడిగితే ఆయనకి అసలు నవల వెళ్లింది పాపం, ఏడ్చుకుంటూ చదివి ఫారం సంగతే మానేశాడు. ఎవడైనా అడ్డదిడ్డంగా చెప్తే మీ అత్తగారు ఊరుకునేది కాదు. 'మొన్న కుంటికోడి చచ్చిపోయిందన్నారు, ఇవాళ మళ్లీ ఎలా గుడ్డు పెట్టింది?' అని నిలదీసేది. ఎవరి ముక్క ఎక్కడ అతకాలో అంతా ఆవిడ తలలో ఉండేది."

ఆవిడకి తెలుసని మాష్టారికి ఒక్కడికే తెలుసు. మిగతా వీధి ఆవిడని కాపాడుతున్నామనుకుంది. ఆవిడ కూతుర్ని కాపాడుతున్నాననుకుంది. కూతురు లోపలి గదిలో కూర్చుని, బయట అందరూ నవ్వుతున్నారనుకుంది.

"ఇచ్చిన మాట ఇప్పుడు తప్పారే మాష్టారూ" అన్నాడు అల్లుడుగారు.

"పిల్లకి చెప్పనని మాటిచ్చాను. అల్లుడికి చెప్పనని ఇవ్వలేదు. అప్పటికి అల్లుడు లేడు." మాష్టారు కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టాడు. "కథ బాగానే రాశావు. కానీ సగమే రాశావు."

సాయంత్రం బస్సు దగ్గరికి వెళ్లి భార్య చేతి సంచీ అందుకున్నాడు. దారంతా చెల్లెలి మోకాలి గురించే మాట్లాడింది ఆవిడ. ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుని, టీ తాగాక చెప్దాం అనుకున్నాడు. కాదు, టీ అయ్యాక ఆవిడ కాస్త నడుం వాల్చాక చెప్దాం అనుకున్నాడు. చెడిపోయిన సరుకు ఎంతసేపు దాస్తే అంత వాసన. ఆ సంగతి తెలిసినవాడు కాబట్టి, కొట్టు గుమ్మంలోనే ఆగి చెప్పేశాడు.

ఆవిడ స్టూలు మీద కూర్చుని అంతా వింది.

"ఐదూనా?"

"ఐదూ."

"ముప్పై ఆరేళ్లలో మీ దగ్గర నేను దాచుకున్నది ఒకే ఒక్కటి. తాళాల కొట్టు మీది."

ఆ మాటకి తగ్గ జవాబు ఏ అరలోనూ లేదు.

"ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. జిడ్డు పట్టినదీ, పెన్సిల్ గుర్తులున్నవీ, ఇస్త్రీ చేసినదీ ఒక్కొక్కటే తిప్పింది. ఐదోది చూసి ఆగిపోయింది. "ఈ ఎర్ర సిరా..."

"మాష్టారిది."

కాగితాలు ఒళ్లో పెట్టుకుని, మీద రెండు చేతులూ కప్పుకుంది. అప్పుడు ఆయన మాష్టారు చెప్పింది మొత్తం చెప్పాడు. నవలాకారుడు కదా, ఏ మాట ముందు చెప్తే ఏ మాట గట్టిగా తగులుతుందో ఆయనకి తెలుసు. ఆ తెలివి పక్కన పెట్టి, విన్నది విన్నట్టు, వరసగా చెప్పాడు. కోడి బొమ్మల దగ్గర ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"బొమ్మలున్నాయా అందులో?"

"పుస్తకం నిండా ఉన్నాయట."

"నేనసలు తెరవనే లేదు. పేరు చూసి చెప్పేశానంతే." కాస్త ఆగి, "ఇన్నేళ్లూ నేను ఒక్కసారీ తెరిచి చూడలేదు" అంది.

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. మిగతాదంతా విన్నాక ఆవిడ అంది.

"అయితే అమ్మ ఎదురుచూసింది."

లేదని చెప్పాలనిపించింది ఆయనకి. పాత గిరాకీకి సర్దిచెప్పినట్టు ఏదో ఒకటి సర్దిచెప్పడం చాతకాక కాదు.

"చూసింది" అన్నాడు.

ఆవిడ తల ఊపింది. కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి ఏమీ లేదు. లేచి, కాగితాలు పట్టుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు పొద్దున ఆయన కొట్టు తెరిచేసరికి ఆవిడ లోపలి బల్ల దగ్గర తెల్లకాగితాలు పెట్టుకుని తిరగరాస్తోంది. ఆ చప్పుడు వింటే ఆయనకి కాస్త ఊపిరాడింది. తిరగరాస్తోందంటే పూర్తిగా చింపెయ్యలేదన్నమాట. అంతకు మించి అడగడానికి ధైర్యం చాలలేదు. పదింటికి ఆవిడే పిలిచింది.

"ఐదోది ఇక్కడితో ఆపేశారు. కోళ్ళామె కథ ఏది?"

"నాకు తెలియదు. ముక్కలు ముక్కలుగా విన్నా."

"కూతురేమైంది?"

"మిషన్ కొన్నారట. ఇంటికి టేకు తలుపు పెట్టారట."

"టేకు తలుపా? కోళ్లు పెంచుకునే మనిషికి టేకు తలుపు ఎక్కడి నుంచి వచ్చింది?"

"వడ్రంగిని అడగాలి."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. రాసిన కాగితాలు ఒకసారి సర్దింది, మళ్లీ విడదీసి మళ్లీ సర్దింది. తర్వాత చెప్పులేసుకుని, కొట్లోంచి ఆయన పక్కగా నడిచి వీధిలోకి దిగింది. ఆయన ఎక్కడికని అడగలేదు.

ఎదురు వరసలో నాలుగో గుమ్మం వడ్రంగిది. ఆవిడ వెళ్లి ఎప్పటిలాగే బయట నిలబడింది. ఏమడిగిందో ఇక్కడికి వినపడలేదు. వడ్రంగి పని ఆపి లేచాడు. బల్ల మీది చెక్కపొట్టు భుజం మీది తువ్వాలుతో రెండుసార్లు దులిపాడు. ఆవిడ ఒకసారి వీధి ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది. చూసి, కూర్చుంది.

అల్లుడుగారు చేతిలో తూకం రాయి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

కాసేపటికి కుట్టుపని ఆవిడ మెడలో టేపుతోనే అటు పరిగెత్తింది. తర్వాత గొడవ మొదలైంది. వడ్రంగి గొంతు ఒకటి, కుట్టుపని ఆవిడ గొంతు ఒకటి: తలుపు ముందా, మిషన్ ముందా అని. "నువ్వు పెట్టకముందే తలుపుంది, లేకపోతే నా మిషన్ ఎవడైనా ఎత్తుకుపోడూ!" "నీ మిషన్ మొహం, తుపాను ముందా తర్వాతా చెప్పు!" ఆ రెండు గొంతుల మధ్య నుంచి, మూడో గొంతు గట్టిగా వినపడింది:

"ఆగండాగండి! మా అమ్మ ఇలా ఒప్పుకుని ఉండదు. కుంటికోడి దగ్గర్నుంచి మళ్లీ చెప్పండి."

"అల్లుడుగారూ, తలుపు బందులు రెండు జతలు కావాలి" అన్నాడు కొట్టు ముందు నిలబడ్డ మనిషి, అది మూడోసారి అనడం.

"కాసేపాగి రా బాబూ" అన్నాడు ఆయన, కళ్లు అటు నుంచి తిప్పకుండానే.